నా వల్ల కాదు

"నా వల్ల కాదు" అనే మాట మనం రోజుకి పదిసార్లు వాడతాం. బస్తా ఎత్తలేకపోతే అంటాం, లెక్క తేలకపోతే అంటాం, పెళ్ళి భోజనంలో ఇంకో బూరె వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డంపెట్టి అంటాం. అవన్నీ చేతకాకపోవడాలు. ఇదే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. చెయ్యగలిగిన పనిని చెయ్యనని చెప్పడానికీ ఇదే అంటాం. దొంగ సాక్ష్యం చెప్పమన్నప్పుడు "నా వల్ల కాదు బాబూ" అన్నవాడు నోరు లేక అన్లేదు. అశక్తతా, నిరాకరణా ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఎక్కడ మొదటిది ఆగి రెండోది మొదలవుతుందో ఒక్కోసారి అన్నవాడికే తెలీదు.

ఏడెనిమిదేళ్ళ కిందట మా ఆఫీసులో ఈ మాట ఒకమ్మాయి అంది. అప్పుడు మా టీమ్‌లో తొమ్మిది మందిమి. ఒక ప్రాజెక్టులో పని బాగా తగ్గిపోయింది. క్లయింటుకి వెళ్ళే బిల్లు మాత్రం తగ్గకూడదు. చెయ్యని గంటల్ని చేసినట్టు టైమ్‌షీట్లో నింపమని మేనేజరు చెప్పాడు. బెదిరించలేదు, గొంతు పెంచలేదు. "అందరూ చేసేదే కదా, మూడు నెలల ముచ్చట" అన్నాడు. మాలో అందరికంటే చిన్నది, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఆ అమ్మాయి తల వంచుకుని "నా వల్ల కాదండీ" అంది. కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు విడివిడిగా వెళ్ళి అదే మాట చెప్పొచ్చారు. నేను వెళ్ళలేదు. సోమవారం 8, మంగళవారం 8, బుధవారం 8 అని నింపాను.

నిజానికి ఆ సంగతి నేను మర్చిపోయాను. అమెరికన్ చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో రాసిన 'ఆర్డినరీ మెన్' చదువుతున్నప్పుడు మళ్ళీ పైకి లేచింది. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ పుస్తకంలో జరిగినదానికీ మా ఆఫీసులో జరిగినదానికీ పోలిక పెట్టడం లేదు. టైమ్‌షీటు టైమ్‌షీటే, హత్య హత్యే. కానీ ఒకే మాట విన్న మనుషుల్లో కొందరు ఎందుకు వరసలో ఉండిపోతారు, కొందరు ఎందుకు బయటికి వస్తారు అన్న ప్రశ్నకి చరిత్రలో అంత స్పష్టమైన కేసు ఇంకొకటి నాకు దొరకలేదు.

కేసు ఇదీ. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌ని జర్మనీ ఆక్రమించుకున్నాక, అక్కడికి పంపిన పోలీసు దళాల్లో రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101 ఒకటి. సుమారు 500 మంది. ఎక్కువమంది హాంబర్గ్ నగరం వాళ్ళు. రేవులో కూలీలు, లారీ డ్రైవర్లు, గోదాము పనివాళ్ళు, హోటల్లో వడ్డించేవాళ్ళు, గుమాస్తాలు. సగటు వయసు 39. సైన్యానికి పనికిరానంత ముదిరిపోయిన వయసని పోలీసు రిజర్వులో వేశారు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933 నాటికే వీళ్ళు పెళ్ళీడు దాటినవాళ్ళు, అంటే మంచీ చెడూ నేర్చుకున్నది అంతకుముందే. పైగా హాంబర్గ్‌కి నాజీల మీద మరీ మోజు లేని నగరమని పేరు. హంతకుల్ని ఏరి తెమ్మంటే ఎవరూ ఈ మనుషుల్ని ఏరరు. మరోలా చెప్పాలంటే, నా బాబాయిల వయసువాళ్ళని 500 మందిని ఓ ఊళ్ళోంచి పోగుచేస్తే ఎలా ఉంటారో అలాంటివాళ్ళు.

1942 జులై 13. తెల్లవారుజామున చీకట్లోనే లారీల్లో వీళ్ళని యూజెఫూఫ్ అనే చిన్న ఊరికి తీసుకొచ్చారు. ఆ ఊళ్ళో 1,800 మంది యూదులున్నారు. దళానికి అధిపతి మేజర్ విల్‌హెల్మ్ ట్రాప్, 53 ఏళ్ళ మనిషి, మొదటి యుద్ధంలో పోరాడినవాడు. కుర్రాళ్ళు ముద్దుగా 'పాపా ట్రాప్' అని పిలుచుకునేవాళ్ళు. అందరినీ అర్ధవలయంగా నిలబెట్టి, పాలిపోయిన ముఖంతో, కళ్ళలో నీళ్ళతో, గొంతు పూడుకుపోతుండగా, చెయ్యాల్సిన పని చెప్పాడు. పనిచెయ్యగల వయసు మగవాళ్ళని వేరుచేసి లేబర్ క్యాంపుకి పంపాలి. మిగిలినవాళ్ళని, అంటే ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముసలివాళ్ళనీ, కాల్చి చంపాలి. తనకీ ఇష్టం లేదన్నాడు. పైనించి వచ్చిన ఆజ్ఞ అన్నాడు. ఆ తర్వాత, ఇలాంటి చరిత్రలో ఎవరూ ఊహించని మాట ఒకటి అన్నాడు: పెద్దవాళ్ళలో ఎవరికైనా ఈ పని చేతకాదనిపిస్తే వరసలోంచి బయటికి రావచ్చు.

కొన్ని క్షణాలు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకడు ముందుకొచ్చాడు. అతని కంపెనీ కెప్టెన్ వోల్ఫ్‌గాంగ్ హాఫ్‌మాన్ తనవాడే మొదట బయటపడ్డాడని మండిపడి అరవబోతే, ట్రాప్ కెప్టెన్ నోరు మూయించి ఆ మనిషిని తన పక్కకి తీసుకున్నాడు. అది చూశాక ఇంకో పది పన్నెండు మంది వచ్చి తుపాకులు అప్పగించారు. ఐదువందల్లో అంతే. మిగతావాళ్ళు అడవిలోకి వెళ్ళారు. సాయంత్రానికి కనీసం 1,500 మందిని చంపారు.

ఆ రోజు మధ్యలో తప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నాలుగు తూటాలు పేల్చాక ఇంక చెయ్యలేమని సార్జెంటుని అడిగి పక్కకి వెళ్ళినవాళ్ళు, చర్చి ఫాదర్ తోటలో దాక్కున్నవాళ్ళు, ఇళ్ళు వెతుకుతున్న వంకతో బజార్లోనే తిరిగినవాళ్ళు. వీళ్ళందరినీ కలిపినా తప్పుకున్నవాళ్ళు నూటికి పదీ ఇరవై మధ్యే ఉంటారని బ్రౌనింగ్ అంచనా. మరుసటి ఏడాది చివరికి ఈ దళం కాల్చి చంపినవాళ్ళు కనీసం 38,000 మంది. ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్ళెక్కించినవాళ్ళు ఇంకో 45,000.

ఇవన్నీ మనకి తెలియడానికి కారణం, 1960ల్లో హాంబర్గ్ ప్రాసిక్యూటర్లు ఆ దళంలో మిగిలినవాళ్ళని పిలిచి ప్రశ్నించడం. బ్రౌనింగ్ 210 మంది వాంగ్మూలాలు చదివాడు. చాలామంది పేర్లు మార్చి రాశాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత, కేసు భయంతో చెప్పిన మాటలు కాబట్టి ఏదీ యథాతథంగా నమ్మడు. ఎవరికి ఏ అబద్ధం లాభమో లెక్కేసుకుంటూ చదువుతాడు. ఆ ఓపికే నన్ను పుస్తకం చివరిదాకా తీసుకెళ్ళింది.

ఇప్పుడు ప్రశ్న. ఒకే ఊరు, ఒకే వయసు, ఒకే ఆజ్ఞ, ఒకే అవకాశం. పన్నెండు మంది అటు, ఐదువందలు ఇటు. ఎందుకు?

మొదట తోచే జవాబు, ప్రాణభయం. ఆజ్ఞ ధిక్కరిస్తే చంపేసేవాళ్ళు కదా అని. యుద్ధం తర్వాత నిందితులందరూ చెప్పుకున్నదీ ఇదే. కానీ నిరాయుధులైన పౌరుల్ని చంపనన్నందుకు ఒక జర్మన్‌ని కాల్చిన ఉదంతం గానీ, క్యాంపులో వేసిన ఉదంతం గానీ దశాబ్దాలపాటు నడిచిన కేసుల్లో ఒక్క డిఫెన్స్ లాయరూ కాగితం మీద చూపించలేకపోయాడు. అసలు యూజెఫూఫ్‌లో ఆ వాదనకి చోటే లేదు. పెద్దాయనే స్వయంగా తలుపు తీసి పట్టుకున్నాడు.

రెండో జవాబు, ద్వేషం. 1996లో డానియల్ గోల్డ్‌హాగెన్ అనే యువ పరిశోధకుడు ఇదే దళం మీద, ఇవే వాంగ్మూలాల మీద ఆధారపడి 'హిట్లర్స్ విల్లింగ్ ఎక్జిక్యూషనర్స్' రాశాడు. జర్మన్ సమాజంలో తరాలుగా పాతుకుపోయిన యూదు ద్వేషమే అసలు కారణమనీ, వీళ్ళు ఇష్టపడే చంపారనీ వాదించాడు. ద్వేషం లేదని బ్రౌనింగ్ అనడు. దళంలో దాదాపు నాలుగో వంతు మంది నాజీ పార్టీ సభ్యులు, పదేళ్ళుగా యూదులు మనుషులే కాదన్న ప్రచారం నడిచింది. యూదులు వీళ్ళ దృష్టిలో 'మనవాళ్ళు' అనే గీతకి అవతల ఉన్నారు. లేకపోతే ఏదీ జరిగేది కాదు. కానీ ద్వేషం అందరి చుట్టూ ఒకే గాలిలా ఉన్నప్పుడు, అదే గాలి పీల్చిన పన్నెండు మంది ఎందుకు తప్పుకున్నారో అది చెప్పదు.

మూడో జవాబు మన ఇళ్ళల్లో ఎక్కువగా వినిపించేది: వాళ్ళకి నీతి లేదు, వీళ్ళకి ఉంది. మనుషులు పుట్టుకతోనే అంత అని. నేనూ మొన్నటిదాకా దాదాపు అలాగే అనుకునేవాణ్ణి. ఈ పుస్తకం నాలో విరగ్గొట్టింది దాన్నే. ఎందుకంటే ఈ 500 మందిలో నీతికి విలువివ్వని మనుషులు పెద్దగా కనిపించరు. చాలా గట్టిగా విలువిచ్చేవాళ్ళు కనిపిస్తారు. అదే ఒళ్ళు జలదరించే విషయం.

మొదటి మనిషి బయటికొస్తే అరిచిన కెప్టెన్ హాఫ్‌మాన్‌నే తీసుకోండి. 1943 జనవరిలో పైఅధికారులు ఒక కాగితం పంపారు. దొంగతనం చెయ్యం, దోచుకోం, డబ్బివ్వకుండా ఏదీ తీసుకోం అని అందరూ సంతకం పెట్టాలి. హాఫ్‌మాన్ కుదరదన్నాడు. తన కంపెనీ మనుషులు నిజాయితీపరులనీ, ఇలాంటి హామీ అడగడమే తన గౌరవానికి దెబ్బ అనీ లేఖ రాశాడు. అప్పటికి ఆ కంపెనీ వేలమందిని చంపింది. అంటే ఆజ్ఞని కాదనడం ఆయనకి తెలుసు, రాతపూర్వకంగా కాదనడమూ తెలుసు. దొంగ అనిపించుకోవడం దగ్గర ఆయన గీత గీసుకున్నాడు. గోల్డ్‌హాగెన్ తన పుస్తకాన్ని మొదలుపెట్టింది ఈ లేఖతోనే.

ఇంకోటి. 1942 ఆగస్టు చివర్లో మెంజిజెట్స్ అనే ఊళ్ళో దాదాపు 11,000 మందిని ట్రెబ్లింకా రైళ్ళెక్కించారు. ఆ రోజు కెప్టెన్ యూలియస్ వోలాఫ్ కొత్తగా పెళ్ళయిన తన భార్యని వెంట తెచ్చాడు. ఆవిడ గర్భవతి. బజార్లో జరుగుతున్న ఘోరమంతా ఆవిడ చూసింది. దళంలో కలకలం రేగింది. ఒక ఆడమనిషిని, అందులోనూ కడుపుతో ఉన్నావిడని ఇలాంటిచోటికి తెస్తారా, సిగ్గులేదా అని. ట్రాప్ ఆ పని తప్పని అందరి ముందూ అన్నాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత ప్రాసిక్యూటర్ ముందు కూడా ఆ మాట చెప్పినవాళ్ళలో కోపం చల్లారలేదు. వాళ్ళు అదే బజార్లో గర్భిణుల్ని కొట్టి రైళ్ళెక్కిస్తున్నారు. ఆ సంగతి వాళ్ళ కోపంలో లేదు. నీతి ఉంది, బాగానే పనిచేస్తోంది, ఇంకోవైపు తిరిగి ఉంది.

బ్రెమర్‌హాఫెన్ నుంచి వచ్చిన 35 ఏళ్ళ లోహపు పనివాడు ఒకడున్నాడు. తను పిల్లల్ని మాత్రమే కాల్చానని చెప్పుకున్నాడు. పక్కవాడు తల్లిని కాల్చాక ఆ బిడ్డ ఎలాగూ తల్లి లేకుండా బతకలేదు కదా, దానికి విముక్తి కలిగించడమే మేలని మనసుకి నచ్చజెప్పుకున్నాడట. ఈ పేజీ దగ్గర పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. నీతి లేనివాడికి ఇంత నచ్చజెప్పుకోవాల్సిన పనేముంది? నీతి ఉంది కాబట్టే దానికి లంచం పెట్టాల్సొచ్చింది.

ఇక ట్రాప్. ఆ రోజంతా ఆయన అడవిలోకి వెళ్ళలేదు. ఊళ్ళో బడిలో, తన గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఏడ్చాడు. చూసినవాళ్ళు చాలామంది చెప్పారు. దళం మొత్తంలో ఆ పని తప్పని అందరికంటే ఎక్కువగా అనిపించింది బహుశా ఆయనకే. చేయించిందీ ఆయనే. 1948లో పోలండ్‌లో ఆయన్ని ఉరితీశారు. నీతి పట్ల మనకి ఎంత విలువుందో మన బాధని బట్టి కొలవచ్చని అనుకుంటాం. ట్రాప్‌ని చూశాక ఆ కొలత పనికిరాదు.

మరి ఏది పనికొస్తుంది? పుస్తకంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మనిషిని బ్రౌనింగ్ లెఫ్టినెంట్ బుఖ్‌మాన్ అనే మారుపేరుతో పిలుస్తాడు. 38 ఏళ్ళు, హాంబర్గ్‌లో కుటుంబానికి కలప వ్యాపారం. ఆశ్చర్యమేమంటే 1937 నుంచి నాజీ పార్టీ సభ్యుడు కూడా. ముందురోజు రాత్రి సంగతి తెలియగానే, నిస్సహాయులైన ఆడవాళ్ళనీ పిల్లల్నీ కాల్చే పనిలో తాను పాల్గొననని చెప్పేశాడు. క్యాంపుకి పంపే మగవాళ్ళకి కాపలా పని ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఇలాంటి పనుల నుంచి తప్పుకుంటూ వచ్చాడు, బదిలీ అడిగాడు, హాంబర్గ్‌కి బదిలీ వచ్చింది. శిక్ష సంగతి అటుంచి, పోలీసు కొలువు వదిలేముందు పదోన్నతి కూడా ఇచ్చారు.

నువ్వొక్కడివే ఎందుకు కాదనగలిగావని ప్రాసిక్యూటర్ అడిగితే ఆయన తన నీతి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ కెప్టెన్లిద్దరూ కుర్రవాళ్ళు, పోలీసు కొలువే వాళ్ళ బతుకు, ఇంకా పైకి రావాల్సినవాళ్ళు. నాకు వయసు మళ్ళింది, పైగా సొంత వ్యాపారం ఉంది, ఇక్కడ పైకి రావాల్సిన అవసరం నాకు లేదు అన్న అర్థంలో చెప్పాడు. వ్యాపారం వల్ల యూదులతో పరిచయాలున్నాయని కూడా అన్నాడు. చూడండి ఎంత చప్పగా ఉందో. కానీ నాకు ఇది చాలా నిజాయితీగా అనిపించింది. నీతికి ఆయన ఇచ్చిన విలువ ఎక్కువో తక్కువో మనకి తెలీదు. ఆయన కట్టాల్సిన ధర మాత్రం తక్కువ.

మిగిలినవాళ్ళకి ఆ ధర ఏమిటి? ప్రాణం కాదని చూశాం. ఉద్యోగం కూడా ఎక్కువమందికి కాదు, కూలీలకి పోలీసు ప్రమోషన్లతో పనేముంది. వాళ్ళు కట్టాల్సింది పక్కవాడి ముఖం. పరాయి దేశంలో, చుట్టూ శత్రువులుండగా, తిండీ నిద్రా ఆ దళంతోనే. నువ్వు తప్పుకుంటే పని ఆగిపోదు, నీ వంతు తూటాలు నీ స్నేహితుడు పేల్చాలి. అంటే నువ్వు మురికిపని పక్కవాడి మీదకి తోసినట్టు. అంతకంటే ఘోరం, నువ్వు వాడికంటే గొప్పవాడివని చెప్పినట్టు. ఇది ఏ దళమూ క్షమించదు.

అందుకే తప్పుకున్నవాళ్ళు ఏమన్నారో వినాలి. ఇది తప్పు అని దాదాపు ఎవరూ అన్లేదు. మేం బలహీనులం, మా వల్ల కాదు అన్నారు. ఇరవయ్యేళ్ళ తర్వాత, నేను నీతి కోసమే తప్పుకున్నానని చెప్పుకుంటే మెచ్చుకునే కాలంలో కూడా చాలామంది కడుపులో తిప్పింది, చేతులు వణికాయి అనే చెప్పారు. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో పనిచేసినవాడొకడూ, యూదులే ఖాతాదారులుగా ఉన్న తోటపనివాడొకడూ, అలాంటి ఇద్దరు ముగ్గురు మాత్రం ఇంకో కారణం చెప్పారు. కడుపులో తిప్పడం నీతి కాదా? ఆ మనుషుల చదువు ఎనిమిదో తరగతి. వాళ్ళ దగ్గర వాదనలు లేవు, కడుపులున్నాయి. పైగా 'బలహీనుణ్ణి' అన్నమాట వాళ్ళకి గొడుగులా పనిచేసింది. పక్కవాణ్ణి వేలెత్తి చూపకుండా బయటపడే దారి అది. అయితే దానివల్ల ఇంకోటి కూడా జరిగింది. చంపడం గట్టివాడి పని, చంపకపోవడం మెత్తవాడి పని అన్న దళం లెక్క చెక్కుచెదరకుండా మిగిలిపోయింది. ఒకడు తప్పుకున్నాడు గానీ వరస నిలిచే ఉంది.

ధర గురించి ఇంకో విషయం. యూజెఫూఫ్‌లో మొదటివాడు వచ్చాకే మిగతా పదిమందీ వచ్చారు. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. పక్కగదిలో మనిషికి కరెంటు షాకులిస్తున్నామని నమ్మించి, ఎంతదాకా ఇస్తారో చూడటం. మామూలు ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు. ఆ అంకె అందరికీ గుర్తుంటుంది. అదే ప్రయోగాన్ని ఆయన ఇంకోలా కూడా చేశాడు. పక్కన కూచున్న ఇద్దరు, నిజానికి ఆయన మనుషులే, మధ్యలో లేచి మేం చెయ్యం అంటారు. అప్పుడు చివరిదాకా వెళ్ళింది 40 మందిలో నలుగురు. ఇరవై ఆరు ఎక్కడ, నాలుగు ఎక్కడ! ఆ రెండు గుంపుల్లో మనుషుల నీతి వేరు కాదు. ముందు లేచినవాడు మిగిలినవాళ్ళ ధర తగ్గించేశాడు.

వరస మొత్తం అటువైపే తిరిగి ఉన్నచోటు కూడా ఒకటుంది. యూజెఫూఫ్ తర్వాత మూడు రోజులకి, అంటే 1942 జులై 16, 17 తేదీల్లో, పారిస్‌లో ఫ్రెంచి పోలీసులే 13,000 మంది యూదుల్ని పట్టుకున్నారు. ఆగస్టులో ప్రభుత్వ యువజన మంత్రి లె షాంబోన్ అనే కొండ ఊరికి వస్తే, అక్కడి విద్యార్థులు ఆయన చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. పారిస్‌లో జరిగింది మాకు తెలుసు, మా మధ్య యూదులున్నారు, అప్పగించమంటే అప్పగించం అని దాని సారాంశం. ఆ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిసి యుద్ధం అయ్యేదాకా వేలమందికి ఆశ్రయమిచ్చాయి. పాస్టర్ ఆంద్రె ట్రోక్మే, ఆయన భార్య మాగ్దా అందుకు ముందు నిలబడ్డారు. తర్వాతి కాలంలో ఎవరైనా మీరు గొప్ప త్యాగం చేశారంటే మాగ్దా విసుక్కునేదట. తలుపు కొట్టారు, తీశాను, అంతే కదా అని.

ఆ ఊరివాళ్ళు వేరే మట్టితో పుట్టలేదు. కాథలిక్ ఫ్రాన్సులో వాళ్ళు ప్రొటెస్టెంట్లు. వాళ్ళ పూర్వీకుల మతాన్ని 1685 నుంచి వందేళ్ళపాటు రాజ్యం నిషేధించింది, పాస్టర్లని ఉరితీసింది. దాక్కోవడం, దాచిపెట్టడం, పోలీసులకి తెలీదని చెప్పడం ఆ ఊళ్ళో అమ్మమ్మల దగ్గర విన్న కథలు. అక్కడ పక్కవాడి ముఖం చూస్తే తలుపు తియ్యాలనిపిస్తుంది. తియ్యకపోతే సిగ్గు. హాంబర్గ్ మనిషి కట్టాల్సిన ధరే షాంబోన్ మనిషికి ఎదురు తిరిగింది.

ఇక్కడిదాకా వచ్చాక నాకు దాదాపు ఒక సూత్రం దొరికినట్టే అనిపించింది. మనుషులు నీతికి ఇచ్చే విలువలో తేడా అనేది మనం అనుకున్నంత లేదు. తేడా అంతా దానికి కట్టాల్సిన ధరలో, ఆ ధర అడిగే పక్కవాళ్ళలో, 'మనవాళ్ళు' అని గీసుకున్న గీత ఎక్కడుందో దాంట్లో ఉంది. ఇంజినీర్‌ని కదా, సూత్రం దొరికితే సంతోషం. నా టైమ్‌షీటుకి కూడా సరిపోయింది. అప్పట్లో నా వీసా ఫైలు ఆ మేనేజరు చేతిలోనే ఉంది, ఇంటి లోను మొదలై ఆరునెలలు. పైగా టీ కొట్టతను పదిరూపాయలు ఎక్కువిస్తే వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చే మనిషిని, ఆఫీసు పెన్ను ఇంటికి తెచ్చుకోని మనిషిని. హాఫ్‌మాన్ లేఖ చదువుతుంటే నవ్వు రాకపోవడానికి కారణం అదే. క్లయింటు ఏడు సముద్రాల అవతల, ముఖం కూడా తెలీదు, నా గీతకి అటువైపు.

కానీ సూత్రం ఆ అమ్మాయి దగ్గర ఆగిపోయింది. ఆమెకి ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. తమ్ముడి ఫీజులు తనే కడుతోందని మా అందరికీ తెలుసు. నాకంటే ఆమె ధరే ఎక్కువ. మరి? కొన్నాళ్ళయ్యాక టీ తాగుతూ అడిగాను. "ఏం లేదన్నా, అలాంటివి చేస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. నాకంత గుండె లేదు" అంది, ఏదో జబ్బు గురించి చెప్పినట్టు. ఆమెకేం కాలేదు. నెలలో ఇంకో ప్రాజెక్టుకి మార్చారు, అంతే. యూజెఫూఫ్‌లో మొదట కదిలిన మనిషికి కూడా అంతే, కలప వ్యాపారమేమీ ఉన్నట్టు లేదు, చూసి వెనకాల రావడానికి ముందు ఎవరూ లేరు. ధరతో చాలామందిని వివరించొచ్చు. మొదటివాణ్ణి వివరించలేం. అక్కడ ఏదో మిగిలిపోతుంది. దాన్ని నీతి అనాలంటే నాకు అభ్యంతరం లేదు, వాళ్ళు మాత్రం దాన్ని బలహీనత అన్నారు.

ఇప్పుడు నేను టీమ్ లీడ్‌ని, ఏడుగురు నా కింద. పోయిన నెల అలాంటి మాటే మళ్ళీ పైనించి వచ్చింది, ఇంకో రూపంలో. పరీక్షించని ఒక భాగాన్ని పరీక్షించినట్టు రిపోర్టు వెళ్ళాలి. నాకు మొదట తట్టిన ఉపాయం ఏమిటంటే, టీమ్‌తో మాట్లాడదాం, ఇష్టం లేనివాళ్ళని తప్పుకోనిద్దాం, ఎవరినీ బలవంతపెట్టొద్దు అని. చాలా ఉదారంగా అనిపించింది. మెయిల్ సగం రాశాను కూడా. అప్పుడు అర్ధవలయం మధ్యలో నిలబడి కళ్ళనీళ్ళతో, ఇష్టం లేనివాళ్ళు బయటికి రావచ్చు అంటున్న ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన ఇచ్చిన అవకాశం నిజమైనదే, దానివల్ల కొందరు మిగిలారు కూడా. కానీ తను చెప్పాల్సిన మాటని కిందివాళ్ళ నోటికి వదిలేశాడు.

మెయిల్ చెరిపేసి పైఆయనకి ఫోన్ చేశాను. తప్పు అనీ, అన్యాయం అనీ ఏవో అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం "ఇది నా వల్ల కాదు సార్" అనే. అవతల కాసేపు నిశ్శబ్దం. "సరే, చూద్దాం లే" అన్నాడు.

దీన్నేదో విజయం అని రాయడం లేదు. ఇంటి లోను కిందటేడు తీరిపోయింది. వీసా ఆశ ఎప్పుడో వదిలేశాను. ఎవరైనా అడిగితే బుఖ్‌మాన్ చెప్పిన జవాబే నేనూ చెప్పాలి. అయినా ఫోన్ పెట్టేశాక నా చెయ్యి వణుకుతోంది. పక్క సీట్లో ఆరునెలల కిందట చేరిన కుర్రాడు హెడ్‌ఫోన్స్ తీసి నావైపు చూస్తున్నాడు. విన్నాడో లేదో అడగలేదు.